ట్యాంకు మారుపేర్లు: బెర్లిను నుంచి హైదరాబాదు దాకా

మాట పుట్టేది విషయాన్ని తెలియజెయ్యడానికి. విషయాన్ని దాచిపెట్టడానికే పుట్టిన మాటలు కూడా కొన్ని ఉన్నాయి. "ట్యాంకు" అటువంటిది.

మా నరసన్నపేటలో ట్యాంకు ఎక్కడుందని అడిగితే ఎవరైనా నీళ్ళ ట్యాంకుకే దారి చూపిస్తారు. పాత రెవెన్యూ రికార్డుల్లో ఇంగ్లీషువాడు మన చెరువులన్నిటికీ ఆ మాటే రాసుకున్నాడు. హుస్సేన్‌సాగర్ గట్టు టాంక్‌బండ్ అయింది అందువల్లే. గుజరాతీ, మరాఠీ భాషల్లో నీళ్ళ తొట్టికి ఉన్న మాటా, అదే ధ్వని గల పోర్చుగీసు మాటా కలగలిసి ఇంగ్లీషులోకి వెళ్ళాయని నిఘంటుకారులు చెబుతారు. మన పడమటి తీరంలో నీళ్ళు నిలవచేసుకునే తొట్టి పేరు యుద్ధయంత్రానికి ఎలా అంటుకుంది? మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1915-16లో ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో, వ్యవసాయ యంత్రాలు తయారుచేసే ఫాస్టర్ కంపెనీ షెడ్లలో ఒక కొత్త ఇనుప బండి తయారవుతోంది. అదేమిటో శత్రువుకు తెలియకూడదు. తయారుచేసే కార్మికులకూ తెలియకూడదు. మెసపటేమియాలో సైన్యానికి నీళ్ళు మోసే తొట్లు అని చెప్పారు. యంత్రం బయటపడ్డాక కూడా దొంగపేరే నిలిచిపోయింది.

అసలు సంగతిని పేరుతో కప్పిపెట్టే ఆ గుణం ఈ యంత్రాన్ని తర్వాత కూడా వదల్లేదు. జర్మనీలో అది ట్రాక్టరు పేరుతో పెరిగింది. 1948 సెప్టెంబరులో మన తెలుగు నేల మీదికి వచ్చినప్పుడు పోలీసు పేరుతో వచ్చింది. సాహిత్య విమర్శకు చోటిచ్చే పత్రికలో ట్యాంకుల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చు. యుద్ధాన్ని గురించి మనకు తెలిసినదంతా ఎవరో రాసిన కథలవల్ల తెలిసిందే. ఆ కథల్లో జర్మన్ ట్యాంకుకు దక్కినంత కీర్తి మరే యంత్రానికీ దక్కలేదు. బడిలో పిల్లలకు మహా సంగ్రామాల పేర్లు తెలియకపోయినా "టైగర్" ట్యాంకు పేరు తెలుసు. రోమెల్‌ను ఎడారి నక్క అంటారనీ తెలుసు. ఓడిపోయిన సైన్యానికి ఇంత కీర్తి ఎలా వచ్చిందన్నది సాహిత్య విమర్శకుడు కూడా పట్టించుకోవలసిన ప్రశ్నే.

ముందు ఆ యంత్రం అవసరం ఏమిటో చూడాలి. 1914 చివరికల్లా ఫ్రాన్సులో ఇరుపక్షాలూ కందకాల్లో దిగబడిపోయాయి. ముళ్ళకంచె, దాని వెనక మెషిన్‌గన్. ఈ రెండూ ఉన్నచోట ఎంతమంది పరిగెత్తినా పంట కోసినట్టు కోతే. గుండుకు తట్టుకునే కవచం, కంచెను తొక్కే బరువు, కందకం దాటే పొడవు, బురదలో దిగబడని ఇనుప పట్టా, ఇవన్నీ ఒక్క బండిలో కూర్చితే వచ్చింది ట్యాంకు. 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు మొదటిసారి దించారు. 49 సిద్ధంచేస్తే బయలుదేరవలసిన చోటుకు చేరినవి 32. తక్కినవి దారిలోనే చెడిపోయాయి. జర్మన్ సేనానులకు అది వేళాకోళంగా కనిపించిందంటే ఆశ్చర్యం లేదు. మరుసటి సంవత్సరం నవంబరులో కాంబ్రే దగ్గర నాలుగు వందలకు పైగా ఒక్కసారి మీదపడినప్పుడు ఆ నవ్వు మాయమైంది.

జర్మనీ అప్పుడు తన ట్యాంకును తయారుచేసింది. దాని పేరు ఏ7వి. ఏదో రహస్య సంకేతం కాదది. యుద్ధ మంత్రిత్వ శాఖలో రవాణా వ్యవహారాలు చూసే ఏడో విభాగం పేరును పొడి అక్షరాల్లో రాస్తే వచ్చేది. గుమాస్తా తన ఫైలు నంబరును బిడ్డకు పేరుగా పెట్టినట్టు ఉంది. పద్ధెనిమిది మందికి పైగా ఎక్కే ఆ ఇనుప కొట్టాం లాంటి బండ్లు యుద్ధం ముగిసేలోగా తయారైనవి ఇరవై మాత్రమే. అవతలి పక్షం వేలల్లో తయారుచేసింది. జర్మన్లు తమ సొంతవాటికన్నా శత్రువు దగ్గర పట్టుకున్న ట్యాంకులనే ఎక్కువగా వాడుకున్నారు. ట్యాంకుకు ట్యాంకు ఎదురుపడిన మొదటి పోరు 1918 ఏప్రిల్ 24న విలేర్-బ్రెతోనో దగ్గర జరిగింది. జర్మన్ ట్యాంకుల చరిత్రలో మొదటి అధ్యాయం ఇంతే. పుట్టుకతోనే వాళ్ళు ఈ విద్యలో ఆరితేరినవాళ్ళన్న అభిప్రాయం తప్పని చెప్పడానికి ఈ ఇరవై అంకె చాలు.

1919 వెర్సాయ్ సంధి జర్మనీకి ట్యాంకులు తయారుచేసే హక్కునూ, దిగుమతి చేసుకునే హక్కునూ లేకుండా చేసింది. సైన్యాన్ని లక్ష మందికి కుదించింది. ఆ తర్వాత పదిహేనేళ్ళ కథ మారుపేర్ల కథే. మోటారు కార్లకు అట్టలూ గుడ్డలూ చుట్టి బొమ్మ ట్యాంకులతో కవాతు నేర్చుకున్నారు. క్రుప్, రైన్‌మెటాల్, డైమ్లర్-బెంజ్ కంపెనీలు గుట్టుగా తయారుచేసిన నమూనాలకు "పెద్ద ట్రాక్టరు", "తేలిక ట్రాక్టరు" అని పేర్లు. హిట్లరు వచ్చాక 1934 నుంచి పెద్ద ఎత్తున తయారైన మొదటి ట్యాంకును కాగితాల మీద "వ్యవసాయ ట్రాక్టరు" అన్నారు. ఇద్దరు మనుషులు, రెండు మెషిన్‌గన్లు, దుక్కికి మాత్రం పనికిరాదు. తర్వాతి రకాల్ని కూడా ప్లటూను నాయకుడి బండి అనీ, బెటాలియన్ నాయకుడి బండి అనీ రాసుకున్నారు. ఈ పేర్లు నమ్మి మోసపోయినవాళ్ళు ఉన్నారా అంటే, నమ్మదలచుకున్నవాళ్ళు నమ్మారు. పడమటి దేశాల ప్రభుత్వాల్లో జర్మనీ ఆయుధాలు తూర్పుకే తిరుగుతాయన్న ఆశ కొందరికి లేకపోలేదు.

ఇక్కడ మనలో చాలామంది దాటేసే సంగతి ఒకటి చెప్పాలి. ఆ నమూనాల్ని తోలి చూసుకోవడానికి జర్మన్లకు చోటు దొరికింది సోవియట్ నేల మీదే. కజాన్ దగ్గర "కామా" అనే పేరుతో నడిచిన ట్యాంకు పాఠశాలలో 1929 నుంచి 1933 దాకా జర్మన్, సోవియట్ అధికారులు కలిసి చదువుకున్నారు. వెర్సాయ్ సంధి వెలివేసిన దేశమూ, విప్లవం చేసిందని వెలివేసిన దేశమూ 1922లో రపాలో ఒప్పందంతో దగ్గరయ్యాయి. దాని ఫలితం ఇది. హిట్లరు అధికారంలోకి వచ్చిన ఏడే ఆ పాఠశాల మూతపడింది. అక్కడితో అయిపోలేదు. కవచ దళాలతో శత్రువు వెనక లోతుకంటా చొచ్చుకుపోవాలన్న సిద్ధాంతాన్ని జర్మన్ల కంటే విపులంగా ఆలోచించినవాడు సోవియట్ మార్షల్ తుఖచేవ్‌స్కీ. 1937 జూనులో అతన్ని తన ప్రభుత్వమే కాల్చి చంపింది. అతనితోపాటు అతని ఆలోచన కూడా అనుమానాస్పదమైంది. నాలుగేళ్ళ తర్వాత దానికి చెల్లించిన మూల్యం ఎంతో సోవియట్ ప్రజలకు తెలుసు. అభ్యుదయం పేరు చెప్పుకునేవాళ్ళం ఈ సంగతి దాచిపెడితే, ట్యాంకును ట్రాక్టరన్నవాడికీ మనకూ తేడా ఏముంటుంది?

ఇక గుడేరియన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇతను వైర్‌లెస్ విభాగంలో పనిచేశాడు. ట్యాంకు గురించి బ్రిటిష్‌వాళ్ళు ఫుల్లర్, లిడెల్ హార్ట్ చేసిన ఆలోచనలు చదివాడు. ఇతను కలిపినదాంట్లో ముఖ్యమైనది రేడియో. ట్యాంకులో కూచున్నవాడు చెవిటివాడు, సగం గుడ్డివాడు. ఇంజను మోతలో పక్కవాడి మాటే వినపడదు, సన్నని చీలికలోంచి తప్ప బయట కనపడదు. ప్రతి ట్యాంకులోనూ రేడియో ఉంటే వంద గుడ్డి ఏనుగులు ఒక్క మావటి మాట మీద నడుస్తాయి. రెండోది లోపలి పని విభజన. మధ్యరకం జర్మన్ ట్యాంకులో అయిదుగురు. తోలేవాడు, రేడియోవాడు, గుండు ఎక్కించేవాడు, గురిచూసి పేల్చేవాడు, ఏ పనీ లేకుండా చుట్టూ చూసి ఆజ్ఞలిచ్చే నాయకుడు. ఫ్రెంచి ట్యాంకుల్లో చాలావాటికి పై గోపురంలో పట్టేది ఒక్కడే. అతనే నాయకుడు, అతనే గుండు ఎక్కించాలి, అతనే పేల్చాలి. మూడోది డివిజను కూర్పు. ట్యాంకులు, వాటి వేగాన్ని అందుకునే మోటారు పదాతిదళం, ఫిరంగులు, వంతెనలు కట్టే ఇంజనీర్లు, అందరూ ఒకే నాయకత్వం కింద. 1935 అక్టోబరులో ఇటువంటి డివిజన్లు మూడు ఏర్పడ్డాయి. "పంజర్" అంటే జర్మన్ భాషలో కవచం. తెలుగు అనువాదాల్లో కొందరు "సాయుధ డివిజను" అని రాస్తున్నారు. ఆయుధం లేని డివిజను ఎక్కడుంటుంది? కవచ డివిజను అనాలి.

1940 మే 10న ఫ్రాన్సు మీద దాడి మొదలైనప్పుడు జర్మన్ల దగ్గరున్న ట్యాంకులు సుమారు 2,500. ఫ్రెంచి, బ్రిటిష్ ట్యాంకులు కలిపితే ఎక్కువే. ఫ్రెంచి పెద్ద ట్యాంకు కవచం జర్మన్ ఫిరంగులకు లొంగనంత మందం. జర్మన్లవి చాలావరకు "వ్యవసాయ ట్రాక్టరు" తరగతి తేలిక బండ్లు. రోమెల్ డివిజనులో ఎక్కువ భాగం ఆక్రమించిన చెకొస్లొవేకియా ఫ్యాక్టరీల సరుకు. వందకు పైబడిన జర్మన్ డివిజన్లలో కవచ డివిజన్లు పదే. తక్కిన సైన్యం నడిచి వచ్చింది, గుర్రాలు ఫిరంగుల్ని లాగాయి. ఆ పదింటిలో ఏడింటిని ఆర్డెన్ అడవుల ఇరుకు దారుల్లోంచి తోలి, 13న సెదాన్ దగ్గర మ్యూజ్ నది దాటి, 20వ తేదీకల్లా సముద్రం చేరారు. ఫ్రెంచివాళ్ళు ట్యాంకుల్ని పదాతిదళానికి తలాకాసిని పంచిపెట్టారు, జర్మన్లు ఒక్కచోట గుద్దారు. గెలుపు అక్కడుంది, ఉక్కులో లేదు. "బ్లిట్జ్‌క్రీగ్", అంటే మెరుపు యుద్ధం, అన్న మాటను ప్రపంచమంతా నమ్మింది. జర్మన్ సైన్యం తన యుద్ధనియమాల్లో రాసుకున్న మాట కాదది. పత్రికలవాళ్ళు ప్రచారంలో పెట్టిన మాట. ఈసారి మారుపేరు అసలును దాచడానికి కాక ఉన్నదానికన్నా పెద్దగా చూపడానికి పనికొచ్చింది.

1941 జూన్ 22న సోవియట్ యూనియన్ మీదికి ముప్ఫై లక్షల పైచిలుకు సైన్యం కదిలింది. ట్యాంకులు సుమారు 3,500. గుర్రాలు ఆరు లక్షలకు తక్కువ కాదు. యుద్ధం సినిమాల్లో ఆ గుర్రాలు కనపడవు. ఫ్రాన్సులో పది రోజుల్లో సముద్రం వచ్చింది, రష్యాలో ఎంత పోయినా నేలే. పెట్రోలు, విడిభాగాలు, రైలు పట్టాలు వెనకపడిపోయాయి. అప్పటికే టీ-34 ఎదురైంది. కవచాన్ని ఏటవాలుగా పెట్టారు గనక తగిలిన గుండు జారిపోతుంది. పట్టాలు వెడల్పు గనక బురదలో, మంచులో దిగబడదు. డీజిలు ఇంజను. పొలంలోంచి వచ్చిన కుర్రాడు కొద్ది వారాల్లో నేర్చుకుని తోలగలంత మోటు యంత్రం. దాన్ని రూపొందించిన ఖార్కొవ్ ఫ్యాక్టరీని శత్రువు రాకముందే విప్పి, రైళ్ళకెత్తి, ఉరల్ పర్వతాల వెనక నీజ్నీ తగీల్‌లో దించారు.

జర్మనీలో ట్యాంకును ట్రాక్టరని పిలిచారు. స్టాలిన్‌గ్రాడ్‌లో నిజంగా ట్రాక్టరు ఫ్యాక్టరీ ఉండేది. 1930లో సమష్టి వ్యవసాయానికి ట్రాక్టర్లు తయారుచేయడం మొదలుపెట్టి, యుద్ధంలో టీ-34లు తయారుచేసింది. 1942 ఆగస్టు 23న జర్మన్ ట్యాంకులు నగరానికి ఉత్తరంగా వోల్గా ఒడ్డుకు వచ్చేశాక కూడా అక్కడ పని ఆగలేదు. షాపులో బిగించిన ట్యాంకు గేటు దాటితే యుద్ధరంగమే. అక్టోబరులో ఆ ఫ్యాక్టరీ శత్రువు వశమైంది. 1943 ఫిబ్రవరి 2న చుట్టుముట్టబడ్డ జర్మన్ సైన్యంలో చివరివాళ్ళు లొంగిపోయారు. మరుసటి ఏడాదికే అందులో మళ్ళీ ట్రాక్టర్లు తయారయ్యాయి. ఆ ఫిబ్రవరి నెలలోనే తెనాలిలో తాపీ ధర్మారావు గారి అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. అంతకు పది నెలల ముందు, 1942 ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. ఫాసిజం అన్న మాట ఆ సభకు వచ్చినవాళ్ళకు పుస్తకంలో మాట కాదు.

1943 జులైలో కూర్స్క్ దగ్గర "టైగర్", "పాంథర్" అనే కొత్త ట్యాంకుల మీద ఆశపెట్టుకుని హిట్లరు పెద్ద దాడి చేశాడు. పులీ, చిరుతా. పాంథర్లు చాలా భాగం దారిలోనే పాడైపోయాయి, కొన్ని వాటంతటవే అంటుకున్నాయి. టైగర్ బరువు 57 టన్నులు. ఎదురుగా నిలబడితే గొప్ప యంత్రమే, కాదనలేం. కాని దాని చక్రాలు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. లోపలి చక్రం చెడితే బయటివన్నీ ఊడదియ్యాలి. రాత్రి బురద గడ్డకడితే తెల్లారి కదలదు. వంతెనలు మొయ్యవు, పెట్రోలు చాలదు. యుద్ధం మొత్తంలో తయారైన టైగర్లు 1,350కి అటూ ఇటూ, పాంథర్లు 6,000 దాకా. టీ-34లు 50 వేలకు పైన, అమెరికా షెర్మన్లు దాదాపు 50 వేలు. పిల్లలు టైగర్‌ను మెచ్చుకోవడం సహజం. పెద్దలు కూడా ఈ అంకెలు పక్కన పెట్టుకోకుండా మెచ్చుకుంటున్నారు.

ఆ పులిని ఎవరు తయారుచేశారు? 1944 నాటికి జర్మనీలో పనిచేస్తున్న విదేశీ కూలీలు, యుద్ధఖైదీలు 70 లక్షలకు పైన. వాళ్ళలో ఎక్కువమంది తమంతట తాము వచ్చినవాళ్ళు కారు. ఆస్ట్రియాలో సాంక్ట్ వాలెంటిన్ దగ్గరి ట్యాంకు ఫ్యాక్టరీకి మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరం నుంచి ఖైదీలను తెచ్చి చాకిరీ చేయించారు. ఆ ఫ్యాక్టరీకి జర్మన్ల ప్రాచీన వీరగాథలోని నీబెలుంగ్‌ల పేరు పెట్టారు. మధ్యయుగాల కావ్యం నుంచి పేరు, ఆకలితో చచ్చే ఖైదీ చేత పని. ఎసెన్‌లో క్రుప్ కంపెనీ చేసింది కూడా అదే. న్యూరెంబర్గ్‌లో అమెరికన్ న్యాయస్థానం 1948 జులై 31న అల్‌ఫ్రెడ్ క్రుప్‌కు పన్నెండేళ్ళ శిక్ష వేసి ఆస్తి జప్తు చెయ్యమంది. దురాక్రమణ యుద్ధానికి కుట్ర చేశాడన్న నేరం మాత్రం రుజువు కాలేదన్నది. 1951లో అతన్ని వదిలేశారు, ఆస్తి తిరిగి ఇచ్చేశారు. అప్పటికి ప్రచ్ఛన్న యుద్ధం మొదలైపోయింది, జర్మన్ ఉక్కు మళ్ళీ కావలసి వచ్చింది.

జర్మన్ సేనానుల కీర్తి కూడా అప్పుడే తిరిగి వచ్చింది. వాళ్ళు ఆత్మకథలు రాశారు. ఆ పుస్తకాల్లో గెలుపులన్నీ సేనానులవి, ఓటములన్నీ హిట్లరువీ, రష్యా చలివీ. ట్యాంకు వెళ్ళిన దారి వెనకాలే వెళ్ళిన హత్యాదళాల ప్రసక్తి ఉండదు. 1952లో వచ్చిన గుడేరియన్ పుస్తకం ఇంగ్లీషు ప్రతిలో, తన ఆలోచనలకు లిడెల్ హార్టే మూలమని ఒప్పుకునే పేరా ఒకటుంది. జర్మన్ మూలంలో అది లేదు. ఇంగ్లీషు ప్రతికి ముందుమాట రాసినవాడు లిడెల్ హార్టే. పాఠాంతరాలు పోల్చి చూసే అలవాటున్న తెలుగు పండితులకు ఇందులోని రహస్యం విప్పిచెప్పనక్కర్లేదు. మన తెలుగులో యుద్ధకథలు రాసేవాళ్ళు చాలామంది ఈ ఆత్మకథల వరసలోనే నడిచారు.

ఇప్పుడు హైదరాబాదుకు వద్దాం.

గుట్టుగా ట్యాంకులు కట్టిన క్రుప్‌కు శిక్ష పడిన ఆరు వారాలకు, 1948 సెప్టెంబరు 13న, భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. పడమట షోలాపూర్ నుంచి బయలుదేరిన ప్రధాన దళానికి మూలం ఒకటో కవచ డివిజను. దాని నాయకుడు మేజర్ జనరల్ జయంతనాథ్ చౌధురి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలో పనిచేసిన అధికారి. ఆ డివిజను కూడా ఆ యుద్ధకాలంలోనే బ్రిటిష్ ఇండియా సైన్యంలో పుట్టి, ఇరాక్‌లోనూ ఇరాన్‌లోనూ ఉండి వచ్చింది. లింకన్ కార్మికులకు చెప్పిన "మెసపటేమియాకు వెళ్ళే ట్యాంకులు" అన్న అబద్ధం పాతికేళ్ళ తర్వాత ఈ విధంగా నిజమైంది! తూర్పున విజయవాడ నుంచి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వంలో మరో దళం కదిలింది.

పద్ధతి మనకు తెలిసిన పద్ధతే. రోడ్డు మీద గుద్ది, ఆగకుండా, పక్కలను పట్టించుకోకుండా రాజధానికి పోవడం. మొదటి రోజే నల్‌దుర్గ్ పడింది. తర్వాత హుమ్నాబాద్, జహీరాబాద్. తూర్పు దారిలో కోదాడ, సూర్యాపేట. సూర్యాపేట దగ్గర మూసీ మీది వంతెనను నిజాం సైన్యం పేల్చేసింది, అయినా లాభం లేకపోయింది. సుమారు 22 వేల నిజాం సైన్యంలో సరైన శిక్షణ ఉన్నవాళ్ళు కొద్దిమందే. షెర్మన్ ట్యాంకులకు సమాధానం చెప్పే ఆయుధం వాళ్ళ దగ్గర లేదు. 17 సాయంత్రానికి నిజాం కాల్పులు ఆపించాడు. 18న ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. అయిదు రోజులు. ఫ్రాన్సులో గుడేరియన్ చూపిన విద్యనే చిన్న కొలతలో, ఎదురు లేని చోట చూపించారు.

దీనికి సైన్యం పెట్టుకున్న పేరు "ఆపరేషన్ పోలో". ప్రభుత్వం పెట్టిన పేరు "పోలీసు చర్య". రెండో పేరుకు కారణం ఉంది. ఆగస్టు 21ననే నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. యుద్ధమంటే రెండు రాజ్యాల మధ్య వ్యవహారమవుతుంది, పోలీసు చర్య అంటే ఇంటి సంగతి. న్యాయం ఏ పక్షాన ఉందన్నది వేరే ప్రశ్న. నిజాం పాలన పోవలసిందే. ఆగస్టు 27న బైరాన్‌పల్లి గ్రామస్థులు తమ మట్టిబురుజు మీద నుంచి కాపలా కాచుకుంటుంటే రజాకార్లూ నిజాం బలగాలూ ఫిరంగులతో వచ్చి ఊచకోత కోశారు. ఆ వార్త విన్నవాళ్ళెవరూ ఆ పాలన కోసం కన్నీరు పెట్టరు. యూనియన్ సైన్యాలకు ఊళ్ళు ఎదురేగి హారతులిచ్చిన మాటా నిజమే. నా అభ్యంతరం పేరు మీద. ఏ దేశంలోనైనా పోలీసులు ముప్ఫై టన్నుల షెర్మన్ ట్యాంకులో వస్తారా?

పోలీసు చర్య అంటే ఏమిటో మా జిల్లావాళ్ళకు వేరే చెప్పాలా? 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు చనిపోయిన తర్వాత మూడు నాలుగేళ్ళు మా కొండల్లోకి వచ్చినవాళ్ళు నిజంగా పోలీసులే. వాళ్ళకు ట్యాంకులు లేవు. ఉన్నా ఆ కొండలు ఎక్కవు. ట్యాంకు స్వభావం అదే. అది రోడ్డు ఉన్నంతవరకూ, శత్రువుకు ఒక రాజధాని ఉన్నంతవరకూ అజేయం. తెలంగాణాలోనూ అంతే జరిగింది. నిజాం రాజ్యం కూలడానికి అయిదు రోజులు పట్టింది. దొరల భూములు పంచుకున్న సంఘాల గ్రామాలను లొంగదీయడానికి మూడేళ్ళు పట్టింది. దానికి పనికొచ్చినవి ట్యాంకులు కావు. జీపులు, ఊరూరా క్యాంపులు, పట్టుబడ్డవాళ్ళను హింసించడం, అడవి గూడేలను ఖాళీచేయించడం. చౌధురి సైనిక గవర్నరుగా 1949 చివరిదాకా ఉన్నాడు. 1951 అక్టోబరు 21న సాయుధ పోరాట విరమణ ప్రకటించేనాటికి చనిపోయిన కమ్యూనిస్టులూ రైతు యోధులూ నాలుగు వేల మందని సుందరయ్య గారు లెక్క చెప్పారు.

మరో లెక్క ఇంకా లోతున కప్పిపెట్టబడింది. సైన్యం వెళ్ళిన దారి వెంట, ముఖ్యంగా మరాఠీ, కన్నడ జిల్లాల్లో, రజాకార్ల పాపంతో సంబంధం లేని సామాన్య ముస్లింలను వేల సంఖ్యలో చంపారు. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ సంఘం ఊళ్ళు తిరిగి విచారించి, చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల మంది దాకా ఉంటారని అంచనా కట్టింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. 2013 ప్రాంతంలో గాని దాని ప్రతి పరిశోధకులకు అందుబాటులోకి రాలేదు. జర్మన్ సేనానుల ఆత్మకథల్లో ట్యాంకు వెనకాల జరిగినదాన్ని చెప్పరని పైన తప్పుపట్టాను. ఇక్కడ మన సంగతి ఏమిటి? రెండు దేశాల్లో జరిగిన ఘోరాలు ఒకటే కొలత అని నేననడంలేదు. కొలత వేరు, ఉద్దేశం వేరు. కాని దాచిపెట్టే పద్ధతి మాత్రం ఒకటే.

తెలుగు సాహిత్యం ఈ పేరును ఎలా స్వీకరించింది? తెలంగాణా మీద వచ్చిన కథల్లో, వ్యాసాల్లో "పోలీసు చర్య" కాలాన్ని సూచించే గుర్తుగా స్థిరపడిపోయింది. "పోలీసు చర్యకు ముందు", "పోలీసు చర్య తర్వాత" అని రాసేస్తాం. పోరాటాన్ని సమర్థించే రచయితలు కూడా ప్రభుత్వం పెట్టిన పేరునే, కనీసం కొటేషన్ గుర్తులైనా లేకుండా వాడారు. తెలంగాణా పల్లెల్లో ముసలివాళ్ళు మాత్రం ఆ మాట అనరు. "యూనియన్ మిల్ట్రీ వచ్చినప్పుడు" అంటారు. చదువురాని మనిషి మాటలో యంత్రం ఏదో, మనుషులెవరో సరిగ్గా ఉన్నారు. చదువుకున్నవాడి మాటలో లేరు. చరిత్రకారులు వాగ్దానాల్ని పరీక్షించినట్టు సాహిత్యకారులు పేర్లను పరీక్షించాలి. మనం ఆ పని చెయ్యలేదు.

ఇప్పటి పేర్లు కూడా చూడండి. ఆవడిలో రూపొంది 2004లో సైన్యంలో చేరిన ట్యాంకు పేరు "అర్జున్". రష్యా నమూనా టీ-90 పేరు "భీష్మ". కురుక్షేత్రంలో ఎదురుబొదురుగా నిలిచినవాళ్ళు ఇక్కడ ఒకే పక్షాన ఉన్నారు. శిఖండి సంగతి పేరు పెట్టినవాళ్ళకు గుర్తున్నట్టు లేదు. అర్జునుడి రథాన్ని తోలినవాడు కృష్ణుడు. ఈ అర్జున్‌ను నడిపే 1,400 గుర్రాల ఇంజనూ, గేర్‌బాక్సూ జర్మన్ కంపెనీలవి. దాని కవచం పేరు "కంచన్". బంగారమని అర్థం చెప్పుకోవచ్చు గాని, హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని లోహ పరిశోధనశాలలో తయారైనందువల్ల ఆ పేరు వచ్చింది. జర్మన్ల వీరగాథ ఫ్యాక్టరీకి పేరైతే, మన భారతం బండికే పేరయింది. జర్మన్లు తమవాటికి ఇప్పటికీ మృగాల పేర్లే పెడుతున్నారు. 2023లో వాళ్ళ "లెపర్డ్" ట్యాంకులు యుక్రెయిన్ చేరాయి. ఆ వేసవిలో జాపొరీజ్జియా పొలాల్లో పాతిపెట్టిన మందుపాతరలకూ, చేతిలో పట్టేంత డ్రోన్లకూ చిక్కి ఆగిపోయాయి. 2024లో కూర్స్క్ ప్రాంతంలోకి జర్మన్ కవచ వాహనాలు ఎనభై ఏళ్ళ తర్వాత మళ్ళీ అడుగుపెట్టాయి, ఈసారి యుక్రెయిన్ సైనికులతో.

1948లో చౌధురి ట్యాంకులు జహీరాబాదు నుంచి హైదరాబాదుకు వచ్చిన దారికి దగ్గరలోనే, ఎద్దుమైలారంలో, 1984లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆర్డినెన్సు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ తెలుగు కార్మికులు తయారుచేసే కవచ వాహనానికి "సారథ్" అని పేరు. లోపల కూచునే పదాతి సైనికులకు అది సారథి అని కాబోలు. 2021 అక్టోబరు 1 నుంచి ఆ ఫ్యాక్టరీ "ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్" అనే ప్రభుత్వ కంపెనీ కిందికి వచ్చింది. ఈ పేరులో మాత్రం దాపరికం లేదు.